బ్యాటరీని డిక్కీలోకి మారిస్తే వైరింగ్ ఎలా చెయ్యాలి? మూడు పద్ధతులు, ఏది ఎవరికి

బ్యాటరీని బానెట్ కింద నుంచి డిక్కీలోకి మార్చాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న, కేబుల్ ఎంత లావుండాలి అని. అడగాల్సిందే, కానీ దానికి జవాబు చిన్న లెక్కతో దొరికిపోతుంది. నిజంగా కూర్చుని తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. బ్యాటరీ నుంచి ముందుకు ఒక కేబుల్ లాగాలా, రెండు లాగాలా? ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసేది) వైరు వాటిలో దేనితో కలవాలి? ఫ్యూజ్ ఎక్కడ ఉండాలి? నడుస్తున్న కారులో ఒక ఫ్యూజ్ కొట్టేస్తే ఏది ఆగిపోతుంది, ఏది కాలిపోతుంది, ఏది బతుకుతుంది అన్నది ఈ మూడు ప్రశ్నల జవాబుల్లోనే ఉంటుంది. అందుకే ఈ పోలికంతా వాటి చుట్టూనే చేస్తాను.

చెన్నైలో ఈ పని చేయించుకునేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు. ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో నడపడానికి పాత మారుతీ జెన్, ఎస్టీమ్ లాంటి కార్లను తయారుచేసుకునేవాళ్లు ఒకరు. ఇంజన్ మార్చడం వల్లో టర్బో పెట్టడం వల్లో బానెట్ కింద చోటు లేక బ్యాటరీని వెనక్కి పంపేవాళ్లు ఇంకొకరు. ముందు భాగంలో పది కిలోల బరువు తగ్గి వెనక చక్రాల మీదికి రావడం మొదటివాళ్లకు కావాలి, రెండోవాళ్లకు చోటు కావాలి. మన ఊరి ఎండ కూడా ఒక కారణమే. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు సుమారు సగమవుతుందని ఒక మోటు లెక్క ఉంది. మే నెలలో ట్రాఫిక్‌లో నిలబడ్డ కారు ఇంజన్ పక్కన ఉండటం కంటే డిక్కీలో ఉండటం బ్యాటరీకి మేలే.

బ్యాటరీ వెనక ఉండటం వింత కూడా కాదు. 1959లో వచ్చిన తొలి మినీలోనే బ్యాటరీ డిక్కీలో ఉండేది. మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం కార్లలో, బీఎండబ్ల్యూ ఈ46లో కూడా అంతే. అయితే ఈ46లో ఒక జాగ్రత్త ఉంది, మనం చేసే మార్పుల్లో అదే ఎక్కువగా కనబడదు. పెద్ద యాక్సిడెంట్ అయితే బ్యాటరీ ప్లస్ టెర్మినల్ దగ్గర చిన్న పేలుడు మందు పేలి, ముందుకు వెళ్లే లావు కేబుల్‌ను తెంపేస్తుంది. మన దగ్గర ఆ ఏర్పాటు ఉండదు, కాబట్టి ఆ పని ఫ్యూజే చెయ్యాలి. దీన్ని మనసులో పెట్టుకుని కింది మూడు పద్ధతులు చూడండి.

మొదటి పద్ధతి: ఒకే లావు కేబుల్

గ్యారేజీల్లో ఎక్కువగా చేసేది ఇదే. డిక్కీలో బ్యాటరీ ప్లస్ నుంచి ఒక లావు కేబుల్ బయలుదేరి బానెట్ కింద పాత బ్యాటరీ ఉన్న చోట ఒక స్టడ్ (వైర్లు బిగించే బోల్ట్ లాంటి టెర్మినల్) మీద ఆగుతుంది. అంతకుముందు బ్యాటరీ ప్లస్‌కు ఏయే వైర్లు ఉండేవో, అంటే సెల్ఫ్ మోటార్‌ది, ఆల్టర్నేటర్‌ది, ఫ్యూజ్ బాక్స్‌ది, అన్నీ ఆ స్టడ్ మీదికే వస్తాయి. ఒరిజినల్ వైరింగ్‌లో ఒక్క వైరు కూడా కొయ్యక్కర్లేదు. రేపు కారు అమ్మేటప్పుడు బ్యాటరీని మళ్లీ ముందుకు తెచ్చుకోవచ్చు. పని ఒక పూటలో అయిపోతుంది, ఖర్చూ తక్కువ.

లోపం ఎక్కడంటే, ఆల్టర్నేటరూ ఫ్యూజ్ బాక్సూ రెండూ స్టడ్ దగ్గర కలిసి ఉన్నాయి, బ్యాటరీ ఒక్కటే కేబుల్ అవతల ఉంది. ఇంజన్ నడుస్తుండగా వెనక ఉన్న ఫ్యూజ్ కొట్టేసినా, లగ్ (కేబుల్ కొసన బిగించే లోహపు కన్ను) వదులై ఊడినా, ఆల్టర్నేటర్‌కు బ్యాటరీతో సంబంధం తెగిపోతుంది. అప్పటిదాకా బ్యాటరీలోకి వెళుతున్న కరెంట్ ఒక్కసారిగా పోవడానికి చోటు లేక వోల్టేజ్ పైకి ఎగురుతుంది. దీన్ని లోడ్ డంప్ అంటారు. ఆల్టర్నేటర్‌లో వోల్టేజ్‌ను అదుపులో పెట్టే డయోడ్లు ఉంటే 35, 40 వోల్టుల దగ్గర ఆగుతుంది. లేకపోతే ఇంకా ఎంతో పైకి పోతుంది. 14 వోల్టులకు అలవాటుపడ్డ ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), మ్యూజిక్ సిస్టమ్, ఏబీఎస్ యూనిట్ అన్నీ ఆ దెబ్బను నేరుగా తింటాయి. ఫ్యూజ్ కొట్టేయడం రోజూ జరిగేది కాకపోవచ్చు, లగ్ వదులవడం మాత్రం మన రోడ్ల మీద జరుగుతూనే ఉంటుంది.

సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంకో ఇబ్బంది. సెల్ఫ్ మోటార్ లాగే కరెంట్ వల్ల కేబుల్ పొడవునా పడే వోల్టేజ్ నష్టాన్ని ఫ్యూజ్ బాక్స్ కూడా మోస్తుంది. బ్యాటరీ కొత్తదైనంత కాలం పట్టింపు ఉండదు. అది ముసలిదయ్యాక, ఇంజన్ తిరుగుతూనే ఉండి ఈసీయూ రీసెట్ అయి స్టార్ట్ కాకపోవడం చూస్తాం.

రెండో పద్ధతి: సెల్ఫ్‌కు ఒకటి, ఫ్యూజ్ బాక్స్‌కు ఒకటి

ఇందులో బ్యాటరీ దగ్గరే దారి రెండుగా చీలుతుంది. లావు కేబుల్ ఒక పెద్ద ఫ్యూజ్ దాటి నేరుగా సెల్ఫ్ మోటార్ స్టడ్‌కు వెళుతుంది. దానికంటే సన్నది, 16 లేదా 25 స్క్వేర్ ఎంఎంది, తనదైన ఫ్యూజ్ దాటి బానెట్ కింద ఫ్యూజ్ బాక్స్‌కు వెళుతుంది.

ఈ పద్ధతికి ప్రాణం ఆల్టర్నేటర్ వైరును ఎక్కడ కలుపుతామన్నది. దాన్ని ఫ్యూజ్ బాక్స్‌తో కలపకుండా సెల్ఫ్ స్టడ్ దగ్గర, లావు కేబుల్‌తో కలపండి. అలా చేస్తే ఆల్టర్నేటర్‌కూ ఫ్యూజ్ బాక్స్‌కూ మధ్యలో ఎప్పుడూ బ్యాటరీ ఉంటుంది. లావు కేబుల్ ఫ్యూజ్ కొట్టేసిందనుకోండి, ఆల్టర్నేటర్ బ్యాటరీ నుంచీ ఫ్యూజ్ బాక్స్ నుంచీ కూడా విడిపోతుంది. వోల్టేజ్ ఎగిరినా ఆ దెబ్బ ఈసీయూ దాకా రాదు. డాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలుగుతుంది, కారు బ్యాటరీ మీద ఇంకొంత దూరం నడుస్తుంది, మీరు ఓఎంఆర్ లాంటి రద్దీ రోడ్డు మధ్యలో కాకుండా పక్కకు తీసి ఆపుకోగలుగుతారు. ఫ్యూజ్ బాక్స్ కేబుల్ ఫ్యూజ్ కొట్టేస్తే ఇంజన్ ఆగిపోతుంది, కానీ ఏదీ కాలదు. రెండు సందర్భాల్లోనూ ఈసీయూకు దెబ్బ తగలదు.

సెల్ఫ్ కొట్టేటప్పుడు లావు కేబుల్‌లో పడే వోల్టేజ్ నష్టం ఫ్యూజ్ బాక్స్‌కు తగలదు. ఈసీయూకు దాదాపు బ్యాటరీ దగ్గర ఉన్నంత వోల్టేజ్ అందుతుంది. ఫ్యుయల్ ఇంజెక్షన్ కారుకు ఇది మంచి లాభం.

ఖర్చు పెరుగుతుంది, ఇంకో కేబుల్ లాగాలి, ఇంకో ఫ్యూజ్ హోల్డర్ కావాలి, ఒరిజినల్ వైరింగ్‌లో ఆల్టర్నేటర్ వైరును విడదీసి తిప్పాలి. ఆ వైరులో కంపెనీ పెట్టిన ఫ్యూజిబుల్ లింక్ (ఫ్యూజ్‌లా కరిగి తెగే వైరు ముక్క) ఉంటే దాన్ని తీసెయ్యకండి, అది దాని పని చేసుకుంటూ ఉండాలి. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు, వారాంతంలో ఒకసారి ట్రాక్‌కు వెళ్లే కారుకు నేను చెప్పేది ఈ పద్ధతే.

మూడో పద్ధతి: డిక్కీలోనే సోలనాయిడ్

డిక్కీలో బ్యాటరీ పక్కనే విడిగా ఒక స్టార్టర్ సోలనాయిడ్ (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను కలిపే స్విచ్) పెడతారు. లావు కేబుల్ దాని అవతలి వైపు నుంచి సెల్ఫ్ మోటార్‌కు వెళుతుంది. తాళం తిప్పి స్టార్ట్ చేసే ఆ రెండు మూడు సెకన్లు తప్ప మిగతా సమయమంతా ఆ కేబుల్‌లో కరెంట్ ఉండదు. ఆ సమయంలో ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినా ఏమీ కాదు. సెల్ఫ్ కరెంట్‌కు తట్టుకునే ఫ్యూజ్ వెతుక్కునే తలనొప్పి కూడా పోతుంది. ఎప్పుడూ కరెంట్ ఉండే దారి ఫ్యూజ్ బాక్స్‌కు వెళ్లేది ఒక్కటే, సన్నది, ఫ్యూజ్ ఉన్నది. రేసు కారుకు ఇది గట్టి ఏర్పాటు.

అయితే ఆల్టర్నేటర్‌ను సెల్ఫ్ స్టడ్‌కు కలిపే అవకాశం ఇక్కడ లేదు, ఎందుకంటే స్టార్ట్ అయ్యాక ఆ స్టడ్ చచ్చిపోయి ఉంటుంది. ఆల్టర్నేటర్‌ను ఫ్యూజ్ బాక్స్ కేబుల్‌తో కలిపితే మొదటి పద్ధతిలోని లోడ్ డంప్ సమస్య మళ్లీ వచ్చి కూర్చుంటుంది. దాన్ని తప్పించాలంటే ఆల్టర్నేటర్‌కు విడిగా మూడో కేబుల్ బ్యాటరీ దాకా లాగాలి. రోడ్డు కారుకు ఇది ఎక్కువ పని, తక్కువ లాభం.

ఇందులో ఒక సూక్ష్మం మెకానిక్‌లు కూడా మర్చిపోతుంటారు. సెల్ఫ్ మోటార్ మీద దాని సొంత సోలనాయిడ్ ఎలాగూ ఉంటుంది. దాని చిన్న ట్రిగ్గర్ టెర్మినల్‌ను పెద్ద ప్లస్ స్టడ్‌కు చిన్న ముక్కతో కలిపేసి, కంట్రోల్ అంతా డిక్కీ సోలనాయిడ్‌కు వదిలేస్తారు. కొత్త తరం సెల్ఫ్ మోటార్లలో పర్మనెంట్ మాగ్నెట్లు ఉంటాయి. తాళం వదిలాక కూడా మోటార్ తిరుగుతున్నంతసేపు అదే జనరేటర్‌లా కరెంట్ పుట్టించి సోలనాయిడ్‌ను పట్టుకుని ఉంచుతుంది, పళ్లు ఫ్లైవీల్ నుంచి ఆలస్యంగా విడుతాయి. గర్రుమని శబ్దం వస్తుంది, పళ్లు అరుగుతాయి. ఒరిజినల్ ట్రిగ్గర్ వైరును ముందున్న సెల్ఫ్ సోలనాయిడ్‌కు అలాగే ఉంచి, అదే వైరు నుంచి ఇంకో వైరు డిక్కీ సోలనాయిడ్‌కు తీస్తే ఈ గోల ఉండదు.

కేబుల్ లావు లెక్క

రాగి తీగ నిరోధం లెక్క సులభం. ఒక స్క్వేర్ ఎంఎం, ఒక మీటరుకు 0.0172 ఓమ్. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ నుంచి సెల్ఫ్ దాకా వంపులతో కలిపి సుమారు 5 మీటర్లు పడుతుంది. చిన్న పెట్రోల్ ఇంజన్ తిరిగేటప్పుడు 150 ఆంప్‌లు అనుకుందాం. 25 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లో 0.52 వోల్టులు పోతాయి, 35లో 0.37, 50లో 0.26. ప్లస్ వైపు మొత్తం నష్టం అర వోల్టు దాటకూడదన్నది ఆటో ఎలక్ట్రీషియన్లు పాటించే హద్దు. లగ్గులు, ఫ్యూజ్ కూడా కొంత తింటాయి కాబట్టి పెట్రోల్‌కు 35 సరిపోతుంది, 25 చాలదు. డీజిల్‌కు 300 ఆంప్‌లు వేసుకుంటే 50లోనే 0.52 పోతుంది. అక్కడ 70కి వెళ్లాలి.

లావు పెరిగేకొద్దీ బరువు కూడా పెరుగుతుంది. 5 మీటర్ల 35 స్క్వేర్ ఎంఎం రాగి ఒక్కటే కిలోన్నర పైన ఉంటుంది, 50 అయితే రెండుంపావు. ట్రాక్ కారు వాళ్లు దీన్ని గమనించాలి.

కొనేటప్పుడు మోసపోయే చోటు ఒకటుంది. జనరల్ ప్యాటర్స్ రోడ్‌లోని కార్ యాక్సెసరీస్ దుకాణాల్లో ఆంప్లిఫయర్ల కోసం అమ్మే లావు, మెరిసే, పారదర్శకమైన కేబుళ్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత పూసినవే. పైన అంతా రాగి రంగే. చివర కోసి ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే పక్కన పెట్టెయ్యండి. దాని వాహకత రాగిలో మూడింట రెండు వంతులకన్నా తక్కువ, అంటే 35 అని కొన్నది 22 పని చేస్తుంది. పైగా సముద్రపు గాలి తగిలే ఊళ్లో అల్యూమినియం లగ్ దగ్గర త్వరగా పాడవుతుంది.

నాకు నమ్మకమైనది వెల్డింగ్ కేబుల్. ప్యారీస్ సందుల్లోని ఎలక్ట్రికల్ టోకు దుకాణాల్లో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. ఐఎస్ 9857 అని ముద్ర ఉండాలి, పై తొడుగు వేడికీ నూనెకూ తట్టుకునే హెచ్‌ఓఎఫ్‌ఆర్ రకం అయి ఉండాలి. సన్నని తీగలు వందలకొద్దీ ఉంటాయి కాబట్టి మెత్తగా వంగుతుంది, కార్పెట్ కింద సర్దుకుపోతుంది. ఇళ్లలో వాడే గట్టి వైరు దీనికి పనికిరాదు, ఇంజన్ అదురుకు లగ్ దగ్గర విరుగుతుంది.

లగ్గులు టిన్ పూత ఉన్న రాగివి తీసుకోండి. సుత్తితో కొట్టి నొక్కడం కాదు, హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి. వెల్డింగ్ కేబుల్ అమ్మే చోటే చాలామంది నొక్కి ఇస్తారు. పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబ్ వేసుకుంటే గాలి చొరబడదు. ఇది అలంకారం కాదు. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు పార్క్ చేసే కార్లలో లగ్గుల చుట్టూ పచ్చటి చిలుము ఎంత త్వరగా పడుతుందో చూస్తే అర్థమవుతుంది.

ఫ్యూజ్ పెట్టాలా, వద్దా

నెల్లూరు నుంచి వచ్చి షోలింగనల్లూరులో ఉంటున్న ఒక తమ్ముడు తన పాత జెన్‌లో బ్యాటరీ వెనక్కి మార్చి చూపించాడు. 50 స్క్వేర్ ఎంఎం కేబుల్, చక్కటి లగ్గులు, ఫ్యూజ్ మాత్రం లేదు. "ఇంత లావు కేబుల్ వేశాను కదా అన్నా, ఇంక ఫ్యూజ్ ఎందుకు? కాలేది కాదు" అన్నాడు.

లావైన కేబుల్‌కే ఫ్యూజ్ మరింత అవసరం. కారు బ్యాటరీ లోపలి నిరోధం మిల్లీ ఓమ్‌లలో ఉంటుంది. డోర్ కింద ఎక్కడో కేబుల్ తొడుగు ఒరుసుకుని బాడీకి తగిలితే, కేబుల్ ఎంత మంచిదైతే అంత ఎక్కువ కరెంట్ పారుతుంది. వెయ్యి ఆంప్‌లు దాటుతుంది. తగిలిన చోట ఇనుము ఎర్రబడుతుంది, పక్కన కార్పెట్ అంటుకుంటుంది. బ్యాటరీ ముందున్నప్పుడు ప్లస్ కేబుల్ పొడవు రెండడుగులే, అదీ కళ్ల ముందే. ఇప్పుడు అది మనుషులు కూర్చునే చోటు కింద నుంచి 5 మీటర్లు పోతోంది. ఆ తమ్ముడికి కేబుల్‌ను సీటు బోల్ట్ దగ్గర ఎలా తీసుకెళ్లాడో చూపించమంటే, సీటు ముందుకు జరిపి చూశాడు. సీటు జరిగే పట్టీ అంచుకు కేబుల్ వేలెడు దూరంలో ఉంది. అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఉండాలి. దానికీ బ్యాటరీకీ మధ్య ఉన్న ముక్కకు రక్షణ ఉండదు కాబట్టి అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. రకం విషయానికొస్తే, సెల్ఫ్ దారిలో మెగా ఫ్యూజ్ (బోల్ట్‌లతో బిగించే పెద్ద ఫ్యూజ్) బాగా సరిపోతుంది. దాని రేటింగ్‌కు రెట్టింపు కరెంట్ వచ్చినా కనీసం ఒక సెకను నిలుస్తుంది, అందువల్ల సెల్ఫ్ మొదటి గుంజుడుకు కొట్టెయ్యదు. చిన్న పెట్రోల్ కారుకు 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ మీద 200 నుంచి 250 ఆంప్‌లది వాడండి. ఫ్యూజ్ బాక్స్ దారిలో 16 స్క్వేర్ ఎంఎంకు 80, 25కు 100 మించకూడదు. ఆల్టర్నేటర్‌ను కూడా ఆ దారిలోనే కలిపితే ఫ్యూజ్ దాని గరిష్ఠ కరెంట్ కన్నా పైన ఉండాలి, కేబుల్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి.

ఆడియో దుకాణాల్లో దొరికే, బటన్ నొక్కితే మళ్లీ పనిచేసే చవక సర్క్యూట్ బ్రేకర్లు చూడటానికి సౌకర్యంగా ఉంటాయి. ఈ చోట వాటిని నేను వద్దంటాను. మెగా ఫ్యూజ్ 2000 ఆంప్‌ల షార్ట్‌ను కూడా సురక్షితంగా తెంపేలా తయారవుతుంది. ఆ చవక బ్రేకర్లలో పెద్ద షార్ట్‌కు కాంటాక్టులు అతుక్కుపోయే ప్రమాదం ఉంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే.

ఎర్త్ కూడా కరెంట్ దారే

ప్లస్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా మైనస్ మీద పెట్టరు. సెల్ఫ్‌కు వెళ్లిన 150 ఆంప్‌లూ తిరిగి బ్యాటరీకి రావాలి కదా. ఇక్కడ ఎంపిక రెండు: డిక్కీలో బాడీకి ఎర్త్ చెయ్యడం, లేదా మైనస్‌కు కూడా ఒక కేబుల్ ఇంజన్ దాకా లాగడం.

మామూలు కార్లలో, అంటే బాడీ మొత్తం ఒకటిగా వెల్డ్ చేసిన వాటిలో, బాడీ ఎర్త్ సరిపోతుంది. ఇనుము రాగికన్నా ఏడెనిమిది రెట్లు ఎక్కువ నిరోధం చూపినా, ఫ్లోర్ రేకు అంత వెడల్పు ఉండటంతో లెక్క సరిపోతుంది. రెండు షరతులు పాటించాలి. డిక్కీలో బోల్ట్ చేసే చోట పెయింట్, ప్రైమర్ రెండూ గీకి మెరిసే ఇనుము కనిపించాలి. బిగించాక పైన పెయింటో వ్యాజలీనో పూస్తే తుప్పు పట్టదు. ముందు ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ స్ట్రాప్‌ను కూడా లావుది వేయాలి. ఇంతకుముందు బ్యాటరీ మైనస్ కేబుల్ నేరుగా ఇంజన్‌కు ఉండేది కాబట్టి ఆ స్ట్రాప్‌కు పెద్ద పని ఉండేది కాదు. ఇప్పుడు సెల్ఫ్ కరెంటంతా దానిమీదుగానే పోతుంది. ఈ స్ట్రాప్ మర్చిపోతే ఆ కరెంట్ యాక్సిలరేటర్ కేబుల్‌, గేర్ కేబుల్ లాంటి దారులు వెతుక్కుంటుంది, అవి వేడెక్కి పాడవుతాయి.

జిప్సీ, బొలెరో, జీప్ లాంటి ఫ్రేమ్ ఉన్న బండ్లలో కథ వేరు. బాడీ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది, దానికి ఎర్త్ చేస్తే దారి సన్నపడుతుంది. అక్కడ బ్యాటరీ మైనస్‌ను ఫ్రేమ్‌కు, ఫ్రేమ్‌ను ఇంజన్‌కు కలిపి, బాడీకి విడిగా ఒక స్ట్రాప్ వేసుకోవాలి. ఫైబర్ బాడీ అయితే మైనస్‌కు కూడా పూర్తి కేబుల్ తప్ప వేరే మార్గం లేదు.

కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న కరెంట్ సెన్సార్ కూర్చుని ఉంటుంది. ఆల్టర్నేటర్‌ను ఎప్పుడు ఎంత ఛార్జ్ చెయ్యమనాలో దాన్ని చూసే ఈసీయూ నిర్ణయిస్తుంది. ఆ సెన్సార్ బ్యాటరీతోపాటే వెనక్కి వెళ్లాలి, దాని సిగ్నల్ వైరు పొడిగించాలి. స్మార్ట్ హైబ్రిడ్ ఉన్న మారుతీ కార్లలో అయితే ఈ పని అసలు పెట్టుకోవద్దు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ సిలిండర్ డిక్కీలో ఉన్న కార్లలో కూడా వద్దు. గ్యాస్ లీకయ్యే అవకాశం ఉన్న చోట నిప్పురవ్వ పుట్టించే వస్తువును తెచ్చి పెట్టకూడదు.

డిక్కీలో ఏ బ్యాటరీ

హ్యాచ్‌బ్యాక్ డిక్కీ అంటే మనుషులు కూర్చునే క్యాబిన్‌లో భాగమే. ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది. "మెయింటెనెన్స్ ఫ్రీ, సీల్డ్" అని రాసి ఉంటే చాలనుకుంటారు. వాటిలో ఎక్కువ భాగం లోపల ద్రవ యాసిడ్ ఉన్నవే, నీళ్లు పోసే అవసరం లేదంతే. కావాల్సింది ఏజీఎం రకం. యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉంటుంది, బోల్తా పడినా కారదు. గాలి పైపు బిగించే రంధ్రం ఉన్నది దొరికితే ఆ పైపును ఫ్లోర్ నుంచి బయటికి తీయండి. మాజ్దా వాళ్లు అలాగే చేశారు. ద్రవ యాసిడ్ బ్యాటరీనే వాడక తప్పదంటే మూత ఉన్న పెట్టె, బయటికి పైపు రెండూ ఉండి తీరాలి.

పెట్టెను సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలతో బిగించకండి. కింద నుంచి పెద్ద వాషర్లతో నట్టు బోల్ట్ వేయండి. స్టెప్నీ గుంటలో పెట్టాలనుకునేవాళ్లు వానాకాలంలో ముందొకసారి ఆ గుంటలోకి చెయ్యి పెట్టి చూడండి. 2015 డిసెంబరు వరదల్లోనూ 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ నీట మునిగిన కార్ల సంగతి వేరు, మామూలు వానకే టెయిల్ ల్యాంప్ రబ్బరు గుండా నీళ్లు దిగే పాత కార్లు ఎన్నో ఉన్నాయి.

కేబుల్‌ను కారు కింద నుంచి కాకుండా లోపల, డోర్ సిల్ వెంబడి తీసుకెళ్లడమే మేలు. మన స్పీడ్ బ్రేకర్లు, నిలిచిన వాన నీరు తగలవు. పెట్రోల్ పైపు ఏ వైపు ఉందో చూసి రెండో వైపు ఎంచుకోండి. సీట్ బెల్ట్, ఎయిర్ బ్యాగుల పచ్చ కనెక్టర్లకు దూరంగా ఉంచండి. రేకులో కేబుల్ దూరే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ వేయండి.

కట్ ఆఫ్ స్విచ్

కారు కరెంట్ మొత్తాన్ని ఒక్కసారిగా తెంపే ఈ స్విచ్ రోడ్డు కారుకు తప్పనిసరి కాదు. రేసుకు మాత్రం స్క్రూటినీలో, అంటే రేసు ముందు చేసే తనిఖీలో, అడుగుతారు. స్విచ్ తిప్పితే కరెంట్ పోవడమే కాదు, నడుస్తున్న ఇంజన్ కూడా ఆగాలి. రెండు టెర్మినళ్ల మామూలు స్విచ్ బ్యాటరీని తెంపుతుంది కానీ, ఆల్టర్నేటర్ ఫ్యూజ్ బాక్స్‌తో కలిసి ఉంటే ఇంజన్ దాని మీదే నడుస్తూ ఉంటుంది. పైగా ఆ క్షణంలో లోడ్ డంప్ కూడా తప్పదు. ఆరు టెర్మినళ్ల స్విచ్ కొనండి. అందులో ఒక జత ఇగ్నిషన్‌ను తెంపుతుంది, ఇంకో జత ఆల్టర్నేటర్‌లో మిగిలిన కరెంట్‌ను ఒక రెసిస్టర్ ద్వారా ఎర్త్‌లోకి పంపేస్తుంది. బయటి స్విచ్ దగ్గర తెల్ల అంచున్న నీలి త్రిభుజంలో ఎర్ర మెరుపు గుర్తు అంటించాలి.

ముందు స్టడ్, అమ్మే కాలం, బీమా

మూడు పద్ధతుల్లో ఏది ఎంచుకున్నా బానెట్ కింద మూత ఉన్న ఒక ప్లస్ స్టడ్ ఉంచుకోండి. డిక్కీ లాక్ కరెంట్‌తో తెరుచుకునే కారులో బ్యాటరీ డౌన్ అయితే డిక్కీ తెరవలేరు, బ్యాటరీ దాకా వెళ్లలేరు. ముందు నుంచి జంపర్ తగిలించే వీలుంటే చాలు. మూడో పద్ధతిలో ఈ స్టడ్‌ను లావు కేబుల్ మీద కాదు, ఎప్పుడూ కరెంట్ ఉండే సన్న కేబుల్ మీద పెట్టాలి, జంపర్ పెట్టాక కొంతసేపు ఛార్జ్ కానిచ్చి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి.

వారంటీలో ఉన్న కారులో ఈ పని చేస్తే ఎలక్ట్రికల్ భాగాల వారంటీ మీద ఆశ వదులుకోండి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల జవాబు దాచుకోండి. కారులో మంటలొస్తే సర్వేయర్ మొదట చూసేది కొత్తగా వేసిన వైర్లనే.

అయ్యాక ఎలా చూసుకోవాలి

ఫ్యుయల్ పంప్ ఫ్యూజ్ తీసేస్తే ఇంజన్ తిరుగుతుంది కానీ స్టార్ట్ కాదు. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. ఒక పొడవాటి సన్న వైరును కిటికీలోంచి వెనక్కి తీసుకెళ్లి, ఒక కొస బ్యాటరీ ప్లస్ పోస్ట్‌కు, రెండో కొస మీటర్ ద్వారా సెల్ఫ్ స్టడ్‌కు తాకించండి. ఎవరినైనా తాళం తిప్పమనండి. మీటర్ మీద కనిపించేది ఆ దారిలో పోయే వోల్టేజ్. అర వోల్టు లోపు రావాలి. అదే పద్ధతిలో బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బ్లాక్‌కు చూడండి, 0.2 లేదా 0.3 దాటకూడదు.

ఆ నెల్లూరు తమ్ముడి జెన్‌లో ప్లస్ వైపు చక్కగానే వచ్చింది, ఎర్త్ వైపు 0.9 చూపించింది. మీటర్ కొసను ఒక్కో బోల్ట్ మీదికి జరుపుకుంటూ వస్తే, డిక్కీలో ఎర్త్ లగ్‌కూ రేకుకూ మధ్యే దాదాపు మొత్తం పోతోంది. బోల్ట్ విప్పితే కింద నున్నగా తెల్ల పెయింట్. ఎమెరీ పేపర్‌తో రూపాయి బిళ్లంత మేర మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగిస్తే 0.2కు దిగింది. సెల్ఫ్ శబ్దంలోనే తేడా వినిపించింది.

ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్ అన్నీ వేసి డిక్కీలో బ్యాటరీ మీద వోల్టేజ్ చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగుంది. ముందు స్టడ్ దగ్గర బాగా వచ్చి వెనక తక్కువ వస్తుంటే కేబుల్‌లోనో ఫ్యూజ్ హోల్డర్‌లోనో లోపం. హోల్డర్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడెక్కుతుంటే నట్టు వదులు. కొత్త లగ్గులు మొదటి కొద్ది వారాల్లో కొంత సర్దుకుంటాయి కాబట్టి నెల తిరిగాక బ్యాటరీ మైనస్ ముందు విప్పి, అన్ని నట్లూ ఇంకోసారి బిగించి, మైనస్ చివర్లో పెట్టండి.